డెబ్భై రూపాయల ఓవర్‌డ్రాఫ్టు

మా మేనల్లుడు విశాఖలో ఉంటాడు. బ్యాంకుల గురించి ఏ వార్త కనబడినా నాకు పంపుతాడు. 2024లో ఒక చెక్కు ఆలస్యమైందని నేను ఇంటిల్లిపాదికీ వినిపించిన గోల వాడికింకా గుర్తుంది మరి. ఈసారి పంపింది చెక్కుల సంగతి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కు వేస్తే మర్నాటి దాకా ఆగక్కర్లేదు, అదే రోజు డబ్బు పడుతుందట. కింద ఒక నవ్వు బొమ్మ పెట్టి, "నీ గోల తీరిపోయింది కదత్తా" అని రాశాడు.

తీరలేదు. ఎందుకు తీరలేదో వాట్సాప్‌లో రెండు ముక్కల్లో చెబుదామనుకున్నాను. కుదరక ఇక్కడ కూర్చున్నాను.

మాది ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి. స్కూలు యూనిఫారాలు కుట్టే చిన్న కార్ఖానా నడుపుతాను. ఆరు పవర్ మిషన్లు, ఒక ఓవర్‌లాక్, ఒక కాజా మిషన్. బోర్డు ఒడియాలో, బేరం తెలుగులో. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మాకు గుడ్డ నరసన్నపేట నుంచి వస్తుంది, ఆర్డర్లు రెండు వైపుల నుంచీ వస్తాయి. మిషన్లకి తీసుకున్న అప్పుకి నెలనెలా 15న 11,200 రూపాయల ఈఎంఐ. బ్యాంకులో కరెంటు ఖాతా నుంచి దానంతట అదే పోయేలా నాచ్ మాండేట్ రాసిచ్చాను. నాచ్ అంటే ఇలాంటి వసూళ్ళూ చెల్లింపులూ బ్యాంకుల మధ్య వాటంతటవే జరిపే వ్యవస్థ.

రజ పండగ నాటి లెక్క

2024 జూన్‌లో ఒడిశా వాళ్ళ పండగ రజ సంక్రాంతి 15వ తేదీ, శనివారం వచ్చింది. మర్నాడు ఆదివారం. సోమవారం బక్రీద్. ఒడిశాలో బ్యాంకులు వరసగా మూడు రోజులు మూత. పాతపట్నంలో మాత్రం శనివారం తెరిచే ఉన్నాయి. అది మూడో శనివారం, రజ అటు పండగా కాదు. బ్యాంకు సెలవులు రాష్ట్రానికో రకంగా ఉంటాయని అందరికీ తెలుసు. సరిహద్దులో కాపురం ఉంటే తప్ప దాని వేడి తగలదు. ఉగాదికి అటు మూసేస్తారు, ఇటు తీసే ఉంటాయి. రథయాత్రకి ఇటు మూసేస్తారు, అటు తీసే ఉంటాయి. మా వీధి చివర కిరాణా కొట్టాయన ఇందుకోసమే పాతపట్నంలో రెండో ఖాతా పెట్టుకున్నాడు. అప్పట్లో నేను నవ్వాను.

పండగకు ముందు ఆఖరి పనిరోజు, మధ్యాహ్నం మూడున్నర. పాతపట్నంలో ఒక స్కూలు వాళ్ళు 38,500కి చెక్కు రాసిచ్చారు. స్కూళ్ళు తెరిచే రోజులు, తల్లిదండ్రుల దగ్గర వసూలయ్యాక గానీ వాళ్ళూ ఇవ్వలేరు. ఆటో దిగి సరాసరి మా బ్యాంకుకి పరుగెత్తాను. కౌంటర్లో అమ్మాయి స్లిప్పు మీద గుండ్రటి ముద్ర వేసి సగం చింపి చేతికిస్తూ, "అపా, ఆజి క్లియరింగ్ సరిలా" అంది. అక్కా, ఈరోజుకి క్లియరింగ్, అంటే చెక్కులు అవతలి బ్యాంకుకి పంపడం, అయిపోయింది, ఇక పండగ తర్వాతే అని. సరేనన్నాను. ఖాతాలో అప్పటికి 10,420 ఉంది. మీద 38,500 పడబోతోంది. శనివారం బ్యాంకు లేదు కాబట్టి ఈఎంఐ కూడా మంగళవారమే పోతుందనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే జరిగింది కూడా. ఈఎంఐ తేదీ ఆదివారం పడితే సోమవారానికి జరిగేది.

2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వారంలో ఏడు రోజులూ, సెలవుల్లో కూడా నడుస్తోంది. ఆ సంగతి నాకు తెలీదు. తెలియకుండానే మూడేళ్లు గడిచిపోయాయి, ఎందుకంటే అన్నాళ్లూ ఖాతాలో డబ్బు ఉంది.

శనివారం పొద్దున్న మిషన్లన్నీ గుడ్డలు కప్పుకుని ఉన్నాయి. రజ మూడు రోజులూ భూమిని దున్నరు, తవ్వరు. మా దగ్గర కుట్టే ఒడియా పిల్లలు కొత్త చీరలు కట్టుకుని ఉయ్యాలలూగడానికి పోతూ, ఇంట్లో చేసిన పొడపిఠా ముక్కలు తెచ్చిచ్చారు. బెల్లం, కొబ్బరి వేసి నిప్పుల మీద మాడ్చిన ఆ అట్టు నాకు చాలా ఇష్టం. ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఫోన్ చూశాను. తొమ్మిదీ నలభై. సరిపడా నిల్వ లేనందున మీ నాచ్ వాపసు చేయబడింది, రుసుము 295 రూపాయలు వసూలు చేయబడింది.

భూమికే సెలవిచ్చే ఊళ్ళో నా ఈఎంఐకి సెలవు లేకపోయింది.

తక్కువైంది 780 రూపాయలు. ఆ ఉదయం నా గల్లాపెట్టెలో ఆరు వేలున్నాయి. మా తమ్ముడికి ఒక్క ఫోన్ కొడితే రెండు నిమిషాల్లో యూపీఐలో వేసేవాడు. ముందు రోజు సాయంత్రం ఎవరైనా "రేపు పదకొండు వేల రెండొందలు పోవాలి, ఎనిమిదొందలు తక్కువుంది, చూసుకో అమ్మా" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే అక్కడితో అయిపోయేది. చెప్పినదేదో అయిపోయాక చెప్పారు.

సరే, ఇప్పుడు వేద్దామా అంటే ఏమవుతుందో తెలీదు. అప్పిచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఒకటి ఒకట్లు, రెండ్లు నొక్కించింది. మూడు రోజులూ సెలవే కదా, మంగళవారం పొద్దున్నే బ్యాంకుకి పోయి మాట్లాడదామని ఊరుకున్నాను. అది నా రెండో తప్పు. సోమవారం బక్రీద్ నాడు కంపెనీ వాళ్ళు మళ్ళీ నాచ్ పంపారు. అది మళ్ళీ వాపసు. ఇంకో 295.

ఇప్పుడు ఖాతాలో ఎంతుంది? 10,420లో రెండు 295లు పోగా 9,830. నరసన్నపేట షావుకారుకి గుడ్డ బాకీ కింద నేనిచ్చిన 9,900 చెక్కును ఆయన శనివారమే వేశాడు. వాళ్ళకి బ్యాంకు తెరిచే ఉంది మరి. అది మంగళవారం మా బ్యాంకు ముందుకొచ్చింది. రుసుములు కోయకపోతే ఆ చెక్కు హాయిగా పాసయ్యేది. కోశారు కాబట్టి డెబ్భై రూపాయలు తక్కువైంది. చెక్కు వాపసు పంపకుండా మేనేజరు గారు దయతలచి తాత్కాలిక ఓవర్‌డ్రాఫ్టు, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకునే వీలు, ఇచ్చి పాస్ చేయించారు. నా ఖాతా మైనస్ డెబ్భైకి దిగింది.

బుధవారం స్కూలు చెక్కు 38,500 పడింది.

పన్నెండు రోజుల తర్వాత పోస్టుమాన్ ఒక కిటికీ కవరు ఇచ్చిపోయాడు. మీ ఖాతా 70 రూపాయల మేర ఓవర్‌డ్రా అయినది, వెంటనే జమ చేసి క్రమబద్ధం చేయవలెను, లేనిచో తగు చర్యలు తీసుకోబడును. అప్పటికి ఆ డెబ్భై ఎప్పుడో పూడిపోయింది. ఆ కాగితం ఇప్పటికీ మా కటింగ్ టేబుల్ అద్దం కింద ఉంది. వచ్చినవాళ్ళు చదివి నవ్వుతారు.

అప్పిచ్చిన కంపెనీ కూడా ఊరుకోలేదు. వాపసుకి 500, దాని మీద జీఎస్టీ 90, మొత్తం 590. రెండుసార్లు తిరిగింది కాబట్టి రెండు 590లు. బ్యాంకు 590తో కలిపి మొత్తం 1,770 రూపాయలు. అందులో 270 జీఎస్టీయే. తక్కువైన 780కి!

ఎవరి తప్పు

మా ఆయన మాట ఒక్కటే: "ఖాతాలో ఇంకో వెయ్యి ఉంచుకుంటే ఏం పోయింది?" దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. జూన్‌లో మా వ్యాపారంలో డబ్బంతా గుడ్డలోనూ గుండీల్లోనూ ఉంటుంది, నిజమే. కానీ వెయ్యి దొరకనంత కరువేమీ కాదు. తెలియకపోవడం కూడా సాకు కాదంటారు. నాచ్ సెలవుల్లో నడుస్తుందని బ్యాంకు గోడ మీద ఎక్కడో రాసే ఉండొచ్చు.

అయినా ఒక మాట చెప్పాలి. ఆ మూడు రోజుల్లో నేను డబ్బు లేనిదాన్ని కాదు. 38,500 ఇచ్చానన్న ముద్ర నా పర్సులో ఉంది. ఆ చెక్కు ఆ బ్యాంకు పెట్టెలోనే ఉంది. పెట్టెలో ఉన్నదాన్ని కదిపే మనిషికి పండగ సెలవు. ఖాతాలోది లాగే మిషన్‌కి సెలవు లేదు. రెండూ ఒకే బ్యాంకు గోడల మధ్యే జరిగాయి. డబ్బు రావడానికి సెలవులుంచి, పోవడానికి సెలవులెత్తేసి, ఆ మధ్య సందులో పడ్డవాడి దగ్గర రుసుము తీసుకోవడం నాకు న్యాయంగా కనబడదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదీ ఇదే.

రిజర్వు బ్యాంకు నాచ్‌ని ఏడు రోజులూ నడిపించింది మనల్ని పీడించడానికి కాదు. అదే నాచ్ మీద జీతాలు, పెన్షన్లు, సబ్సిడీలు కూడా వస్తాయి. మా దగ్గర గుండీలు కుట్టే పెద్దమ్మకి ఒకసారి ఆదివారం నాడు ఖాతాలో డబ్బు పడితే, ఫోన్ నాకు చూపించి, "ఆదివారం కూడా గవర్నమెంటు పనిచేస్తోందేటమ్మా?" అని ఆశ్చర్యపోయింది. ఆమెకి అది మంచే చేసింది. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి నేరుగా డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తున్నాయి. అంటే స్కూలు వాళ్ళు చెక్కు బదులు నెఫ్ట్ చేసి ఉంటే ఏ గొడవా లేదు. చేయరు. ట్రస్టు స్కూళ్ళలో ఇద్దరు సంతకాలు పెట్టాలి, ఆడిట్‌కి కాగితం కావాలి. చిన్న ఊళ్ళలో చెక్కు చావలేదు. ఇప్పట్లో చావదు కూడా.

మేనేజరు గదిలో

బుధవారం సాయంత్రం మేనేజరు గారి దగ్గర కూర్చున్నాను. ఆయన బరంపురం వైపు తెలుగువారు, నెమ్మదస్తుడు. చెక్కు నా చేతికి వచ్చాక డబ్బు వచ్చినట్టు కాదా అని అడిగాను. ఆయన సొరుగులోంచి రబ్బరు బ్యాండు వేసిన చెక్కుల కట్ట ఒకటి తీసి టేబుల్ మీద పెట్టారు. అన్నీ వెనక్కి వచ్చినవే. "మేడమ్, ఇవన్నీ వేసినవాళ్ళు కూడా డబ్బు వచ్చేసిందనుకునే వేశారు. వీటిని నమ్మి నేను ముందే ఇచ్చేస్తే ఎవరి డబ్బు ఇచ్చినట్టు? మీ పక్కన కూర్చున్నాయన డిపాజిట్టే కదా?"

ఆ మాట నన్ను నిజంగానే తగ్గించింది. చెక్కంటే ఒక మాట, అంతే. మాట తప్పితే చట్టం ఉంది, 138 సెక్షన్ ఉంది. వాపసు కబురు అందిన 30 రోజుల్లో నోటీసు, ఆ నోటీసు అందాక 15 రోజుల గడువు, తర్వాత కోర్టు. ఇంత తతంగం ఉందంటేనే చెక్కు డబ్బు కాదని అర్థం. స్కూలు చెక్కు మీద బ్యాంకు నాకు ముందే డబ్బు ఇవ్వాలని అడగడం మానుకున్నాను.

కానీ ఆయన దగ్గర్నించి బయటికొస్తూ ఇంకో సంగతి తట్టింది. మంగళవారం డెబ్భై రూపాయల ఓవర్‌డ్రాఫ్టు ఆయనే ఇచ్చారు కదా? నేను అడక్కుండానే. నేను ఫలానా అని తెలుసు, ఆ చెక్కు రేపు పడుతుందని తెలుసు. ఆ మాత్రం చూసే మనిషి శనివారం నాడు లేడు. మా నాన్న కాలంలో అంతా అలాగే జరిగేది. మేనేజరు ఫోన్ చేసి, "ఏమండీ, మీ చెక్కొచ్చింది, పొద్దుగూకేలోగా కట్టేయండి" అనేవాడట. వినడానికి బాగుంటుంది గానీ, ఆ ఫోన్ ఎవరికి వెళ్ళేదో కూడా చూడాలి. మా నాన్నకి వెళ్ళేది. మా చాకలి తాతకి వెళ్ళేది కాదు. ఆ కాలం తిరిగి రావాలని నేను కోరను. మిషన్ అందరినీ ఒకేలా చూస్తుంది, అది మంచిదే. అందరికీ ఒకేలా ముందు చెప్పమనే అడుగుతున్నాను.

ఓడీ, అంటే ఓవర్‌డ్రాఫ్టు, అన్న మాటే చూడండి. మార్కెట్లో "ఆయనకి పది లక్షల ఓడీ ఉంది" అంటే లేచి కుర్చీ వేస్తారు. డెబ్భై రూపాయల ఓడీకి నోటీసు వస్తుంది. జన్‌ధన్ ఖాతాకి కూడా 10,000 దాకా ఓవర్‌డ్రాఫ్టు సదుపాయం ఉంది, మొదట 5,000 ఉండేది, 2018లో పెంచారు. ఆరు నెలలు ఖాతా సరిగ్గా నడవాలి, ఇంకా షరతులున్నాయి. గుండీలు కుట్టే పెద్దమ్మకి ఈ మాట చెబితే, "ఓడీ అంటే షావుకార్లదమ్మా, మనకి అప్పే" అంది.

ముందు చెప్పడం అంత కష్టమా

ఫోన్లో నెలకి 149 రూపాయల సినిమాల చందా ఉంది నాకు, యూపీఐ ఆటోపే మీద. డబ్బు తీసుకునే ముందు రోజే మెసేజ్ వస్తుంది, రేపు ఇంత పోతుంది, వద్దంటే ఆపుకో అని. అది వాళ్ళ మర్యాద కాదు. కార్డులు, వాలెట్లు, యూపీఐల మీద పెట్టిన ఇలాంటి ఆదేశాలకి కనీసం 24 గంటల ముందు కబురు చెప్పాలని రిజర్వు బ్యాంకు నియమం, 2021 అక్టోబరు నుంచి గట్టిగా అమల్లో ఉంది. నా 149కి ఉన్న ఆ రక్షణ నాచ్ మీద పోయే 11,200కి లేదు. సినిమా ఆగితే ఎవడికీ నష్టం లేదు. ఈఎంఐ ఆగితే, అప్పులు తీర్చే తీరుకి వేసే మార్కు, ఆ సిబిల్ స్కోరులో మచ్చ పడుతుంది.

కొన్ని కంపెనీలు వాటంతట అవే ముందు మెసేజ్ పంపుతాయి, అది నిజమే. ఆ మెసేజ్‌లో "మీ ఈఎంఐ 15న ఉంది, నిల్వ ఉంచండి" అని ఉంటుంది, అంతే. నా నిల్వ ఎంతో కంపెనీకి తెలీదు. బ్యాంకుకి తెలుసు. ఎంత పోవాలో బ్యాంకుకి అప్పటికి తెలీదు, కంపెనీకి తెలుసు. తెలిసిన ఇద్దరూ ముందు రోజు మాట్లాడుకోరు. మర్నాడు తెల్లారాక మాట్లాడుకుని ఇద్దరూ చెరో రుసుము వేస్తారు.

ముందు చెబితే సరిపోతుందా? సరిపోదేమో అని కూడా అనిపిస్తుంది. మెసేజ్‌లు ఇప్పటికే గుట్టలు. మా అమ్మ ఫోన్లో చదవని మెసేజ్‌లు వేలల్లో ఉన్నాయి, అందులో ఇది ఇంకొకటి. అందుకే నాకు ఇంకోటి నచ్చుతుంది. పొద్దున్న తగిలి డబ్బు లేకపోతే వెంటనే వాపసు అనకుండా, అదే రోజు సాయంత్రం ఇంకోసారి చూసి అప్పుడు తేల్చడం. పొద్దున్న వచ్చిన మెసేజ్ అప్పుడు పనికొస్తుంది. కౌంటర్ మూత పడినా యూపీఐ నడుస్తుంది.

లేదా తేదీ సెలవు రోజు పడితే, ఖాతాదారు కోరితే, తర్వాతి పనిరోజుకి జరపడం. ఆ రోజుల వడ్డీ తీసుకోండి, కాదనను. లెక్క వేశాను కూడా. 11,200 మీద 14 శాతం వడ్డీకి మూడు రోజులకి పదమూడు రూపాయలు కూడా కాదు. నా దగ్గర తీసుకున్నది 1,770.

రుసుము క్రమశిక్షణ కోసం అంటారు. అప్పుల మీద వేసే జరిమానాల గురించి 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు అదే మాట చెప్పింది. క్రమశిక్షణ నేర్పడానికే తప్ప ఆదాయం పెంచుకోవడానికి కాదని. నాచ్ వాపసు రుసుము దాని కిందికి రాదని కంపెనీ వాళ్ళు వాదించొచ్చు, వాదిస్తారు కూడా. కానీ శనివారం వాపసై, సోమవారం సెలవు రోజే మళ్ళీ పంపి, రెండో 590 వేయడంలో నాకు క్రమశిక్షణ నేర్పే గురువు కనబడలేదు. ఫిర్యాదు రాశాను. ఒక 590 వెనక్కి వచ్చింది. రెండోది రాలేదు. జవాబు నచ్చకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చని తెలుసు. 590 కోసం అంత దూరం పోయే ఓపిక లేక పోలేదు. అందరూ అలాగే అనుకుంటారు కాబోలు.

నా చెక్కుల సంగతి

రాయాలా వద్దా అని ఆలోచించిన ముక్క ఇది. మా తమ్ముడు గుర్తుచేసి ఉండకపోతే రాసేదాన్ని కాదు.

పైన చెప్పిన పెద్దమ్మకి నేను రెండు మూడేళ్లు కూలీ చెక్కుల్లోనే ఇచ్చాను. శనివారం సాయంత్రం ఇచ్చేదాన్ని. ఆమె సోమవారం వేస్తే మంగళవారం గానీ నా ఖాతాలోంచి పోదు. ఆ మూడు రోజులు ఆ డబ్బు నాదే. లెక్కల పుస్తకంలో ఇచ్చేసినట్టు, ఖాతాలో ఇంకా ఉన్నట్టు. వ్యాపారంలో అందరూ చేసేదే. ఒకసారి ఆమె చెక్కు పట్టుకుని, "అమ్మా, రేపు మనవడికి మందులు తేవాలి, చేతికియ్యరాదా?" అంటే, "పుస్తకంలో రాసేశానే" అన్నాను. ఆమె మాట్లాడకుండా చెక్కు కొంగున ముడేసుకుంది. మందులకి పక్కింట్లో అప్పు చేసిందని తర్వాత తెలిసింది. ఆ అప్పుకి వడ్డీ ఎంత కట్టిందో నేను అడగలేదు.

ఎవరి డబ్బు ఎవరి దగ్గర ఎన్ని రోజులుంటుందన్నదే మొత్తం గొడవ. బ్యాంకు నా మీద చేసిందని ఏడుస్తున్నది నేను ఆమె మీద చేశాను. దానివల్ల నా వాదన తప్పయిపోతుందా? అవదనుకుంటాను. కాకపోతే కొంచెం గొంతు తగ్గించి మాట్లాడాలనిపిస్తుంది.

కొత్త పద్ధతి నా అనుభవంలో

మేనల్లుడు చెప్పిన పద్ధతి మంచిదే. చెక్కుని వచ్చినట్టే స్కాన్ చేసి పంపాలి, మొదలుపెట్టినప్పుడు దానికి వేళ పొద్దున్న పది నుంచి నాలుగింటి దాకా. అవతలి బ్యాంకు సాయంత్రం ఏడులోగా అవునో కాదో చెప్పాలి, చెప్పకపోతే అవుననే లెక్క. పాత లెక్కకీ దీనికీ పోలికే లేదు. రజ నాడు మాత్రం ఇదీ పనిచేయదు. మనిషి వచ్చి స్కానర్లో పెడితేనే చెక్కు కదులుతుంది. నాచ్‌కి మనిషితో పనిలేదు. సందు ఇరుకైంది గానీ పూడలేదు.

ఆ కొత్తల్లోనే అదే స్కూలు వాళ్ళు ఇంకో చెక్కు ఇచ్చారు, 22,000. మూడూ యాభైకి కౌంటర్ దగ్గరున్నాను. గడియారం చూసి గర్వంగా కూడా ఉన్నాను. స్కానర్ ముందు కుర్చీ ఖాళీ. టీకి వెళ్ళారట. నాలుగూ పదికి వచ్చి, చెక్కు తీసుకుని, ముద్ర వేసి, "అపా, కాలి" అంది అదే అమ్మాయి. కాలి అంటే ఒడియాలో రేపు.

ఆ స్లిప్పు ఫొటో తీసి మేనల్లుడికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.